విశ్వవిద్యాలయములలో దృశ్యపాఠములు

ఉపాధ్యాయుడు బల్లపై ఒక ప్రయోగము చేసి చూపునపుడు మొదటి వరుసలోని విద్యార్థులకు అది చక్కగా కనిపించును. మూడవ వరుసవారు మెడలు నిక్కించి చూచెదరు. చివరి బల్లపై కూర్చున్నవారికి ముందువారి తలలు తప్ప మరేమియు కనిపించవు. నలుబదిమంది ఉన్న గదిలోనే ఇట్లుండగా, వేలకొలది విద్యార్థులకు ఒకే పాఠము చెప్పవలసి వచ్చినపుడు ఏమి చేయవలెను? ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున విశ్వవిద్యాలయములు ఈ ప్రశ్నకు కెమేరా సహాయముతో సమాధానము వెదకినవి. సమాధానము దొరకినది, కాని మొదట అనుకొన్న రీతిలో దొరకలేదు. కెమేరాను ఆచార్యుని వైపు త్రిప్పినంతమాత్రమున పాఠము తయారు కాదని తెలిసికొనుటకు చాల కాలము పట్టినది.

తెల్లవారుజామున భౌతికశాస్త్రము

1957 అక్టోబరు 4న సోవియట్ దేశము స్పుత్నిక్ అను కృత్రిమ ఉపగ్రహమును ప్రయోగించినది. తమ పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన వెనుకబడినదేమో అను ఆందోళన అమెరికాలో బయలుదేరినది. మరుసటి సంవత్సరము అక్టోబరు 6న ఎన్.బి.సి. టెలివిజను సంస్థ ‘కాంటినెంటల్ క్లాస్‌రూమ్’ అను కార్యక్రమమును ప్రారంభించినది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర ఆచార్యుడైన హార్వీ వైట్ ఉదయము 6.30 గంటలకు, వారమునకు అయిదు దినములు, అరగంటసేపు అణుయుగ భౌతికశాస్త్రమును బోధించెను. ఆ పాఠములు ముఖ్యముగా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల కొఱకు ఉద్దేశింపబడినవి. బడికి పోవుటకు ముందే వారు తమ ఇంటిలో కూర్చుండి కొత్త విషయములు నేర్చుకొనవచ్చును. కెమేరా పరికరమునకు చేరువగా పోగలదు కావున, ప్రయోగశాలలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే కనిపించు సూది కదలిక దేశమంతటికి ఒకేసారి కనిపించినది. చివరి బల్ల సమస్య ఒక విధముగా తీరినది.

అయితే కెమేరా అంతకంటె పెద్ద పని చేయగలదని అదే కాలమున మరికొందరు గ్రహించిరి. 1956లో మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జెరాల్డ్ జకారియాస్ నాయకత్వమున భౌతికశాస్త్ర పాఠ్యసంఘమొకటి ఏర్పడినది. అది పాఠ్యపుస్తకముతోపాటు చలనచిత్రములను కూడ తయారుచేయించెను. వానిలో ఒకటి 1960లో టొరాంటో విశ్వవిద్యాలయ ఆచార్యులు ప్యాటర్‌సన్ హ్యూమ్, డోనాల్డ్ ఐవీ అనువారు నడిపిన ‘ఫ్రేమ్స్ ఆఫ్ రెఫరెన్స్’. మనము ఎక్కడ నిలిచి చూచుచున్నామో ఆ స్థానమును బట్టి చలనము ఎట్లు మారునో చెప్పుట దాని ఉద్దేశము. కదలుచున్న బండిపైనుండి ఒక గుండు జారవిడువబడును. నేలపై నిలిపిన కెమేరాకు ఆ గుండు వంపు తిరిగిన మార్గమున పడినట్లు కనిపించును. బండితోపాటు కదలు కెమేరాకు అదే గుండు నిట్టనిలువుగా పడినట్లు కనిపించును.

ఈ రెండు దృశ్యములను తరగతి గదిలోని విద్యార్థి ఒకే చోట కూర్చుండి చూడలేడు. మొదటి వరుసలో కూర్చున్నను అతనికి ఒక దృశ్యమే లభించును. అనగా ఇక్కడ కెమేరా పాఠమును చేరవేయు సాధనము మాత్రమే కాదు; పాఠములో అది ఒక భాగమైనది. దృశ్యపాఠము ఎందుకు అను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు అరుదు.

ఉద్యోగము వదలక చదివినవారు

1963 సెప్టెంబరు 8న గ్లాస్గో నగరమున బ్రిటిష్ ప్రతిపక్ష నాయకుడు హెరాల్డ్ విల్సన్ తన ప్రసంగములో ‘ఆకాశవిశ్వవిద్యాలయము’ అను ఆలోచనను వెల్లడించెను. చదువుకొను వయసులో కళాశాలకు పోలేక పనిలో చేరినవారికి రేడియో, టెలివిజనుల ద్వారా ఉన్నత విద్య అందవలెనని దాని సారాంశము. ఆయన ప్రధానమంత్రి అయిన తరువాత జెన్నీ లీ అను మంత్రిణి ఎందరు పరిహసించినను వెనుదీయక ఆ ఆలోచనను అమలులోనికి తెచ్చెను. 1969లో ఆ సంస్థకు రాజశాసనము లభించినది. దానికి పెట్టిన పేరు ఓపెన్ యూనివర్శిటీ, అనగా సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1971 జనవరిలో సుమారు 24,000 మంది చదువు ప్రారంభించిరి. ప్రవేశమునకు పూర్వపు పరీక్షల యోగ్యత అవసరము లేదు.

పేరు మారుటలో ఒక అర్థము కలదు. మొదటి ఉపకులపతి వాల్టర్ పెర్రీ, ఆయన సహచరులు చదువంతయు ప్రసారములపై ఆధారపడరాదని నిర్ణయించిరి. తపాలా ద్వారా వచ్చు ముద్రిత పాఠములే చదువునకు వెన్నెముక. వానితోపాటు ఇంటిలో ప్రయోగములు చేసికొనుటకు పెట్టెలు పంపబడినవి. విజ్ఞానశాస్త్రపు తొలి కోర్సు విద్యార్థులకు అరచేతిలో ఇముడు చిన్న సూక్ష్మదర్శిని కూడ అందినది. మాటలలోను బొమ్మలలోను ఇంటి ప్రయోగములోను చెప్పలేని దానిని చూపుట టెలివిజను వంతు.

ఆ వంతును నిర్ణయించినది కోర్సు బృందము. అంతవరకు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు ఒంటరిగా పాఠము సిద్ధపరచుకొని, తలుపు మూసి చెప్పుకొనెడివాడు. ఇక్కడ పలువురు ఆచార్యులు, బి.బి.సి. నిర్మాతలు, బోధనాపద్ధతుల నిపుణులు ఒక బల్ల చుట్టు కూర్చుండిరి. ఒకరు వ్రాసిన పాఠమును తక్కినవారు విమర్శించిరి. ‘ఇది చూచిన పిమ్మట విద్యార్థి ఏమి చేయగలుగవలెను?’ అను ప్రశ్న ముందు, దృశ్యము తరువాత. ఒక్కొక్క కార్యక్రమము సుమారు 25 నిమిషములు. లండనులోని అలెగ్జాండ్రా పాలెస్‌లో, 1936లో బి.బి.సి. తన టెలివిజను ప్రసారములను ప్రారంభించిన భవనముననే, ఇవి తయారైనవి. ఆనాడు టేపును తిరిగి కూర్చుట శ్రమతోను ఖర్చుతోను కూడిన పని. కావున నమూనాలు, కదలు బొమ్మలు, మాటలు అన్నియు ముందే సరిచూచుకొని, పలుమారులు అభ్యసించి, పిమ్మట కెమేరా ముందు నిలిచెడివారు.

తెరకు పగ్గములు

ఇంత శ్రద్ధ చూపినను రెండు చిక్కులు బయటపడినవి. మొదటిది కాలము. పాఠములు తెల్లవారుజామునను అర్ధరాత్రి సమయమునను ప్రసారమగుచుండెను. పగలంతయు పనిచేసి వచ్చినవాడు ఒక్క ఘడియ ఏమరినచో పాఠము దాటిపోవును. అర్థము కాని చోట ‘మరల చెప్పుడు’ అని అడుగుటకు వీలు లేదు. రెండవది చూచుటలోనిది. విశ్వవిద్యాలయము తానే నియమించిన పరిశోధకులు, వారిలో టోనీ బేట్స్ ముఖ్యుడు, విద్యార్థులు కార్యక్రమములను ఎట్లు ఉపయోగించుకొనుచున్నారో పరిశీలించిరి. ఒక కర్మాగారమునో ఒక పాఠశాలనో ఉన్నదున్నట్లు చూపి, విద్యార్థియే విశ్లేషింపవలెనని విడిచిన కార్యక్రమములను చాలమంది ఏమి చేసికొనవలెనో తెలియక చూచి ఊరకుండిరి. ఇంటిలోని టెలివిజను వినోదమునకు అలవాటుపడిన పరికరము. దాని ముందు కలము పట్టి కూర్చుండుట కూడ నేర్పవలసిన విద్యయే.

మొదటి చిక్కును 1980 దశకమున వీడియో కాసెట్టు విప్పినది. విద్యార్థి తనకు వీలైనపుడు చూడగలిగెను, ఆపగలిగెను, వెనుకకు త్రిప్పగలిగెను. దీనితో పాఠనిర్మాణమే మారినది. ఏకబిగిన సాగు 25 నిమిషములకు బదులు చిన్న చిన్న భాగములు, ప్రతి భాగము చివర ‘ఇక్కడ ఆపి లెక్క కట్టుడు’ అను సూచన, ప్రక్కనే అచ్చులో ప్రశ్నలు అమరినవి. పగ్గములు ప్రసారకేంద్రము నుండి విద్యార్థి చేతికి వచ్చినవి. రెండవ చిక్కునకు కూడ ఇది చాలవరకు మందైనది. చివరకు 2006 డిసెంబరులో ఆ విశ్వవిద్యాలయపు కోర్సు ప్రసారములు ముగిసినవి. తెరపై చదువు మాత్రము ముగియలేదు.

మన దేశమున

బ్రిటనులోని ఈ ప్రయత్నమును గమనించిన భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము తెలుగునాట వెలసినది. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడగా ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపకులపతి అయిరి. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. అచట తెలుగులో ముద్రిత పాఠములు, అధ్యయన కేంద్రములు ముఖ్యాధారములు. దృశ్య, శ్రవణ పాఠములు తోడు.

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా దూరదర్శన్‌లో ‘దేశవ్యాప్త తరగతిగది’ని ప్రారంభించినది. చిన్న పట్టణములలోని కళాశాల విద్యార్థులకు పెద్ద విశ్వవిద్యాలయముల విజ్ఞానము అందించుట దాని లక్ష్యము. మొదట విదేశీ చిత్రములు చాల చేరినవి. పిమ్మట హైదరాబాదుతో సహా పలు నగరములలో స్థాపింపబడిన కేంద్రములు ఇచటనే కార్యక్రమములు నిర్మించినవి. కాని భాష ఇంగ్లీషు. ఎవరికొఱకు పాఠము సంకల్పింపబడినదో ఆ పట్టణపు విద్యార్థికే భాష అడ్డు వచ్చినది. చివరి బల్ల దూరము అడుగులతోనే గాక భాషతో కూడ కొలువవలెనని ఇది తెలుపుచున్నది.

2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారత విజ్ఞానశాస్త్ర సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకమును చేపట్టినవి. ఒక్కొక్క కోర్సుకు సుమారు 40 ఉపన్యాసములు చిత్రీకరింపబడినవి. తొలి పాఠములలో అనేకము నల్లబల్ల ముందు ఆచార్యుడు గంటసేపు చెప్పినవే. అధ్యాపకుల కొరత గల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు అవి చేసిన మేలు తక్కువది కాదు. అయినను కెమేరా మరల ఆచార్యుని వైపు తిరిగినది. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ పథకమున దృశ్యపాఠముతోపాటు చదువుటకు పాఠ్యము, తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు, చర్చ అను నాలుగు అంగములు ఏర్పరుపబడినవి. కోర్సు బృందము వారి పాత పాఠమే ఇది.

2014లో ఎడెక్స్ సంస్థ నడిపిన నాలుగు కోర్సులలో 69 లక్షల వీక్షణములను పరిశోధకులు లెక్కించిరి. విద్యార్థులు సాధారణముగా 6 నిమిషములకు మించి ఒక చిత్రముపై నిలువలేదు. తరగతిలో చెప్పిన ఉపన్యాసమును ముక్కలు చేసిన చిత్రములకంటె తెరకొఱకే సంకల్పించిన చిత్రములు వారిని ఎక్కువగా ఆకట్టుకొన్నవి. ఈ లెక్క ఎంతసేపు చూచిరో చెప్పును. ఎంత నేర్చిరో చెప్పదు. ఆ రెండును ఒకటే అని భ్రమపడరాదు.

నేడు ప్రతి ఉపాధ్యాయుని చేతిలోను కెమేరా కలదు. అలెగ్జాండ్రా పాలెస్‌లోని యంత్రములు చేసిన పనిని ఒక ఫోను చేయగలదు. అందువలన పాత ప్రశ్నలు మరింత అవసరమైనవి. బల్లపై చూపలేనిది ఇందులో ఏమి కలదు? విద్యార్థి ఎక్కడ ఆపవలెను? ఆపి ఏమి చేయవలెను? సందేహము కలిగినచో ఎవరిని అడుగవలెను? వీనికి సమాధానములు సిద్ధపరచుకొని కెమేరాను తెరచినవాని పాఠమే చివరి బల్లకు చేరును.