ఇంటి దాకా వచ్చిన స్టూడియో

వరంగల్‌లోనే ఉండి, ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకుని, సొంతంగా బాణీలు కట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కట్టొచ్చు. ఏ మైకు కొనాలన్నది పది నిమిషాల్లో తేలిపోయే ముచ్చట. కానీ స్టూడియో మన ఇంటి దాకా ఎట్లా వచ్చింది, వచ్చే దారిలో దేన్ని వదిలేసింది, ఇవాళ అది చూద్దాం.

మొదట్లో రికార్డింగ్ అంటే దూరం. 1902లో గౌహర్ జాన్ పాట రికార్డయింది కలకత్తాలో. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తయారైంది బొంబాయిలో. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అంతా మద్రాసే. గాయకులు, వయొలిన్లు, తబలా అందరూ ఒకేసారి వాయించాలి. ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి. స్టూడియోకి గంటల లెక్కన అద్దె. అందుకని బాణీ ముందే హార్మోనియం మీద పూర్తయిపోవాలి. అంటే ఏంటంటే, స్టూడియో ఎంత దూరమైనా బాణీ మాత్రం మనిషి గొంతులోనే ఉండేది.

1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ దాని మీద ఇంట్లో నమూనాగా చేసుకున్న పాటలే 1982లో 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చాయి. 1983లో మిడి వచ్చింది, కీబోర్డు కంప్యూటరుతో మాట్లాడటం మొదలైంది. 1989లో ఎ.ఆర్. రెహమాన్ చెన్నైలో తన ఇంటి పెరట్లోనే పంచతన్ స్టూడియో కట్టుకున్నాడు. 1992లో 'రోజా' విన్నాక మన దగ్గర కుర్రాళ్లకి 'ఇంట్లో కూడా అయితది' అని అర్థమైంది. 1997లో ఫ్రూటీలూప్స్. అయినా దారి ఇంకా పట్నం మీదుగానే! మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో 'బాచి'తో సంగీత దర్శకుడయ్యాడంటే హైదరాబాద్ పోయే కదా. 2016లో జియో వచ్చాక ఆ దారి కూడా తప్పనిసరి కాకుండా పోయింది. హన్మకొండ గదిలో చేసిన పాట రాత్రికి రాత్రే ఫోన్లలోకి చేరుతోంది.

గది అంటే గుర్తొచ్చింది. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటించకండి, పెద్దగా లాభం లేదు. మన కొత్తవాడ జంపఖానాలు ఉన్నాయి కదా, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వాటిని గోడకి నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి వేలాడదీయండి. పై స్థాయి ప్రతిధ్వని తగ్గుతుంది. బేస్ గుంయ్‌మనడం మాత్రం వాటితో ఆగదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు లెక్క. గీతలు గీసి పెట్టి ఉంటాయి, మనం అందులో నింపుకుంటూ పోతాం. ఒగ్గు డోలు అట్లా నడవదండి! కథ వేడెక్కిన కొద్దీ లయ ముందుకు ఉరుకుతుంది, దుఃఖం రాగానే నిదానిస్తుంది. దానికి క్లిక్ ట్రాక్ పెట్టి బిగిస్తే శబ్దం ఉంటుంది, కథ ఉండదు. ముందు క్లిక్ లేకుండా రికార్డు చేసి, ఆ తర్వాత గీతలనే పాటకి తగ్గట్టు జరపొచ్చు. ఆ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, వాడేవాళ్లే తక్కువ.

ఈ తగువు కొత్తదేం కాదు. కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253–54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం చెప్పిన మార్గానికి, మిగతా నాలుగు దేశికి. అంటే పేరణి, చిందు, గొండలి లాంటివాటికి. ఏనుగుల దళాన్ని నడిపినాయన సగం పుస్తకాన్ని జనం ఆడేవాటికి ఇచ్చాడంటే, వాటి ముందు ఎంతసేపు కూర్చుని చూసి ఉంటాడో ఆలోచించండి.

మన కాలంలోనూ ఉంది. 2023లో 'బలగం' చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడితే థియేటర్లలో జనం ఏడ్చారు. వాళ్లది మన దుగ్గొండి. సంగీతం చేసింది భీమ్స్. ఆ గొంతులు ఏ ప్లగిన్‌లోనూ దొరకవు. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు. సినిమా రాకపోతే ఆయన గొంతు మనలో ఎంతమంది వినేవాళ్లం?

అందుకే బాణీ కట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి పని లూపులు వెతకడం కాదు. మీ ఊళ్లో పాడే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఫోన్‌లోనే రికార్డు చేసుకోండి, వాళ్ల అనుమతితోనే. ఇంటికొచ్చి ఆ వరసని సరిగమల్లో పట్టుకోండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, ఏ స్వరాన్ని కొంచెం కిందికి జార్చారు, అన్నీ గమనించండి. తర్వాత అదే నడకలో మీ సొంత చరణం ఒకటి కట్టి, వాళ్లకే వినిపించండి. వాళ్లు మొహం ఎట్లా పెట్టారో చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఇంకోటి. 'జానపదం' అని రాసేసి ఊరుకునే అలవాటు మనకి బాగా ముదిరింది. పాట అందరిదీ కావచ్చు, మీకు ఇచ్చిన మనిషికి మాత్రం పేరుంది. ఆ పేరు, ఊరు, తేదీ ఫైల్‌లోనే రాసి పెట్టుకోండి. పాటకి డబ్బులొస్తే వాళ్ల వాటా ఎంతో రికార్డింగ్‌కి ముందే మాట్లాడుకోండి.