మన డెల్టాలో నిద్రయు జాగరమును



మా తాతగారికి రాత్రి యనగా నాలుగు జాములు. జామునకు ఏడున్నర గడియలు, అనగా మూడు గంటలు. దీపపు చమురు ప్రియమగుటచే తొలిజాము గడవకమునుపే ఇల్లు సద్దుమణుగుచుండెడిదట. అయినను జాగరము ఆ తరమువా రెరుగనిది కాదు. కూచిపూడి భాగవతులు ఊరికి వచ్చిరేని భామాకలాపము తెల్లవార్లును సాగెడిది. మరునాడు ఊరెల్ల మధ్యాహ్నముదాక నిద్రించెడిది. అవి వేసవి దినములు, పొలమున పనియుండదు. పగటినిద్రను దోషముగ నెంచిన చరకుడు సైతము, రాత్రులు పొట్టివగుటచే, గ్రీష్మమున దానిని సమ్మతించెను. ఆ జాగరము ఊరందరిది, ఆ విశ్రాంతియు ఊరందరిది.

నీటికొరకైన జాగరము వేరు. నాగాయలంక, గిలకలదిండి మత్స్యకారులకు పోటుపాటులే గడియారము. పోటు దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడును గనుక, నేడు తొలిజామున పడవ తీసినవాడు వారము గడచుసరికి అర్ధరాత్రి వేళ తీయవలసివచ్చును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు విస్తరించిన కొలది రైతునకును ఈ పాటు తప్పదాయెను. కాలువ చివరి గ్రామములకు నీరు వచ్చిన వేళయే వేళ. లాంతరు చేతను, పార భుజమునను గట్టుమీద ఎందరు తెల్లవార్చిరో మీలో పెద్దలెరుగుదురు. కాని వంతు ముగిసిన పిదప ఆ రైతు ఇల్లు చేరి మామూలు నిద్రలో పడెడివాడు.

గుడివాడ, కైకలూరు ప్రాంతముల చెరువుల కావలివానికి ఆ ముగింపు లేదు. రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువు తగ్గుచుపోయి తెల్లవారకమునుపు మిక్కిలి క్షీణించును. ఏరియేటరు ఆగెనా, రొయ్య దక్కదు. కావున నెలలతరబడి మేల్కొనియుండవలెను.

పగలు పడుకొనరాదా యందురు. 1729లో డి మైరాన్ అను ఫ్రాన్సు దేశీయుడు అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో నుంచెను. సూర్యుడు కనబడకున్నను అది పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకొనెను. అట్టి గడియారము మన దేహమునను కలదు. దాని లోపలి నడకను కనుగొన్న ముగ్గురు అమెరికను పండితులకు 2017లో నోబెలు బహుమాన మిచ్చిరి. కావలివాడు ఇంటికి మరలునప్పుడు ఉదయపు వెలుగు కంటబడి, ఆ గడియారము మేల్కొమ్మనుచుండును. అందుచే అతని పగటినిద్ర కొద్దిపాటిది, తునాతునకలైనది. మతిమరపు, అజీర్ణము, చిరాకు దానివెంట వచ్చును. ఏండ్లతరబడి సాగు రాత్రిపని బహుశః పుట్టకురుపు వ్యాధికిని కారణము కావచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి కాన్సరు పరిశోధనశాఖ 2007లో నిర్ణయించినది.

ఉపాధ్యాయుడనై యుండగా, మొదటి గంటలోనే కునికెడి బాలు నొకనిని బల్లపై నిలువబెట్టితిని. తండ్రికి తోడుగ అతడు రాత్రులు చెరువుగట్టున నుండెనని తరువాత తెలిసినది. ఆ దండన నాకిప్పటికిని గ్రుచ్చుకొనుచున్నది.

పగలు పడుకొన్నవానిని మనము అరుగులమీద సోమరి యనుచున్నాము. కిటికీకి గోనెపట్ట కట్టి చీకటి చేసికొని, దినమును ఒకే వేళకు పడుకొన్నచో అతనికి కొంత నిద్ర దక్కును. పంచాయతీ సంతకమునకై మనిషిని పంపువారు మధ్యాహ్నము దాటిన పిమ్మట పంపవలెను.