క్యాబ్ డ్రైవర్లకు ఈవీ అంటే ఎందుకంత టెన్షన్? ఆఫీస్ ట్రిప్పులకు తీసుకునే ముందు ఈ లెక్కలు చూసుకోండి..

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఉద్యోగులను దింపే క్యాబ్‌లలో ఇప్పుడు ఆకుపచ్చ నంబర్ ప్లేట్లూ కనిపిస్తున్నాయి. ఆకుపచ్చ ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటే అది కమర్షియల్ ఈవీ అన్నమాట. అయితే ఏళ్ల తరబడి డీజిల్ బండి నడిపిన డ్రైవర్‌కు మొదట వచ్చే డౌట్ ఒక్కటే.. అర్ధరాత్రి ఓఆర్ఆర్ మీద చార్జింగ్ అయిపోతే ఏంటి పరిస్థితి?

ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వెనక సీట్లో నైట్ షిఫ్ట్ ఉద్యోగి ఉంటారు. బండి ఆగితే మాట పడేది డ్రైవరే. అందుకే ధైర్యం చెప్పడం కంటే లెక్క చెప్పడం ముఖ్యం.

కంపెనీ బ్రోచర్‌లో ఉండే రేంజ్ టెస్టులో వచ్చినది. ఏసీ, ట్రాఫిక్, స్పీడ్‌ను బట్టి రోడ్డు మీద అది తగ్గుతుంది. 26 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు యూనిట్‌కు 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఫుల్ చార్జింగ్‌తో 208 కిలోమీటర్లు. అందులో 20 శాతం ముట్టుకోకుండా పక్కన పెడితే మిగిలేది దాదాపు 166. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి సుమారు 30 కిలోమీటర్లు వేసుకున్నా ఐదు ట్రిప్పులు వస్తాయి. అయితే ఖాళీగా తిరిగే కిలోమీటర్లూ ఇందులోనే కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. కొత్తలో వారం రోజులు ప్రతి ట్రిప్పుకు ముందు, తర్వాత బ్యాటరీ శాతం, రీడింగ్ రాసిపెట్టుకోండి. మీ రూట్‌కు అసలు రేంజ్ ఎంతో మీకే తెలిసిపోతుంది.

ఇక అసలు చిక్కు చార్జింగ్. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్ మీద ఇలాంటి బ్యాటరీ నిండాలంటే 8 గంటలకు పైనే పడుతుంది. అద్దె గదిలో ఉండే డ్రైవర్‌కు ఆ ప్లగ్ ఎక్కడిది? ఆఫీస్ పార్కింగ్‌లో చార్జర్ ఉందా, ఫాస్ట్ చార్జర్ దగ్గర క్యూలో గడిపే టైమ్‌కు డబ్బులు ఎవరిస్తారు.. ఈ రెండూ వెండర్‌ను ముందే అడగాలి. ట్రిప్పు లెక్కన మాత్రమే పేమెంట్ ఇచ్చే చోట నష్టపోయేది డ్రైవరే. కంపెనీలు మొదట సరిచేయాల్సింది ఇదేనని చెప్పొచ్చు.

డ్రైవింగ్ విషయంలో పెద్ద ఇబ్బంది ఉండదు. క్లచ్ లేదు, గేర్ల గొడవ లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే బండి స్లో అవుతుంది, ఆ టైమ్‌లో బ్యాటరీకి కొంత కరెంట్ తిరిగొస్తుంది. కాలు ఒక్కసారిగా తీస్తే మాత్రం వెనక కూర్చున్నవాళ్లకు కుదుపు వస్తుంది, మెల్లగా తీయడం అలవాటు చేసుకోవాలి.

వానలో షాక్ కొడుతుందన్న భయం అక్కర్లేదు. ఐపీ67 రేటింగ్ బ్యాటరీలను మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి టెస్ట్ చేస్తారు. అలాగని నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి దించొద్దు.

ఇదిలా ఉంటే తెలంగాణలో 2024 నవంబర్‌లో వచ్చిన జీవో 41 ప్రకారం ఎలక్ట్రిక్ ట్యాక్సీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు. గడువు 2026 డిసెంబర్ 31.