బిందెను బట్టే కుళాయి

కుళాయి అన్న మాట మనకు తమిళం వైపు నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకు గొట్టం అని అర్థం. తెలంగాణ వాళ్ళు నల్లా అంటారు, అది ఉత్తరాది మాట. కొందరిళ్ళలో పంపు, మన పిల్లల నోట ట్యాపు. నుయ్యి, చేద, గిలక, గాబు లాంటి మాటలు మనకెప్పటి నుంచో ఉన్నాయి. కుళాయికి మాత్రం ఏ ప్రాంతం వాళ్ళు ఆ ప్రాంతానికి దగ్గరైన పేరు అరువు తెచ్చుకున్నారు. మన ఇళ్ళలోకి అదంత ఆలస్యంగా వచ్చిందన్నమాట.

ఈ మధ్య మా బాత్‌రూమ్‌లో వాష్ బేసిన్, దాని కింద అలమర మార్చాం. బేసిన్ నచ్చింది సరే, దానికి నప్పే కుళాయి ఏదన్న దగ్గర ఇంటిల్లిపాదికీ తలో మాట. నాకైతే ఆ ప్రశ్నకు జవాబు మన ఊరి నీళ్ళ కథలో దొరికింది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

విశాఖకు తాగునీటి కోసం ముడసర్లోవ జలాశయం కట్టింది 1902లో. లోవ అంటే కొండల నడుమ పల్లం. అక్కడ చేరిన వాననీరు గొట్టాల్లో ఊళ్ళోకి వచ్చింది. 1933 డిసెంబరు 19న ఓడరేవును లాంఛనంగా ప్రారంభించారు. పనులొచ్చాయి, పనుల వెంట జనం వచ్చారు. ఆ లోవ ఒక్కటీ చాలలేదు. 1960లలో గోస్తని మీద తాటిపూడి జలాశయం కట్టారు. తర్వాత మేఘాద్రి గెడ్డ తోడైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దాని కోసం ఎక్కడో ఏలేశ్వరం దగ్గరున్న ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. ఆ నీళ్ళే ఊరికి కూడా వస్తున్నాయి.

ఇందులో నాకు కనిపించిన విచిత్రం ఒకటుంది. నీళ్ళు ఎంత దూరం నుంచి రావడం మొదలుపెట్టాయో, ఆడవాళ్ళ నడక అంత తగ్గింది. నూతి దగ్గరకు వెళ్ళి చేది మోసుకొచ్చేవాళ్ళం వీధి కుళాయి దాకా వచ్చాం, అక్కడి నుంచి పెరట్లోకి, పెరట్లోంచి గదిలోకి. అందరికీ ఇంకా తగ్గలేదు లెండి. బిందెలు మోసే ఇళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి.

నీళ్ళు దగ్గరకొచ్చిన ప్రతిసారీ కుళాయి రూపం మారింది. వీధి కుళాయికి బిందె పట్టేంత ఎత్తు ఉండాలి, పది మంది చేతులు తిప్పినా అరగని మొరటుతనం ఉండాలి. స్నానాలగదిలో దాని కింద బకెట్ పట్టాలి. హాలు మూలన తెల్ల పింగాణీ బేసిన్లు వచ్చాక పొట్టి కుళాయి నిలబడింది. దాని మూతి మరీ చిన్నది కావడంతో చెయ్యి కడిగితే వేళ్ళు వెనక గోడకు రాసుకునేవి. 1947లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ మోయెన్ అనే ఆయన ఒకే పిడితో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే కుళాయిని అమ్మకానికి తెచ్చాడు. పదేళ్ళ కిందట, విద్యార్థిగా ఉన్నప్పుడు, రెండు పిడుల కుళాయి దగ్గర వేడినీళ్ళు చేతిమీద పడటంతో వచ్చిన ఆలోచనట అది. ఇవాళ షాపుల్లో మనం మిక్సర్ అంటున్నది దాని సంతతే.

అంటే ఎప్పుడూ ముందు పాత్ర, తర్వాతే కుళాయి. బేసిన్ విషయంలోనూ అంతే. గట్టులోకి దిగిపోయిన బేసిన్‌కు పొట్టి కుళాయి చాలు. గట్టు మీద గిన్నెలా కూర్చునే బేసిన్‌కు పొడుగాటిది కావాలి, లేదా గోడలోంచి వచ్చేది. నీటి ధార బేసిన్ మధ్యకు, నీళ్ళు పోయే కన్నానికి కాస్త ఇవతలగా పడాలి. మూతికీ బేసిన్ అంచుకూ మధ్య జానెడుకు కొంచెం తక్కువ ఖాళీ ఉంటే చేతులు సుఖంగా ఆడతాయి. మరీ ఎత్తయితే నీళ్ళు చింది అలమర చెక్క ఉబ్బుతుంది. బేసిన్‌కు కన్నాలెన్ని ఉన్నాయో చూడకుండా కుళాయి కొనకండి.

రెండోది నీళ్ళ ఒత్తిడి. ట్యాంకు ఎత్తు మీటరుకు సుమారు 0.1 బార్ చొప్పున ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో ఉండి, ట్యాంకు మీ కుళాయికి మూడు మీటర్ల పైనే ఉంటే 0.3 బార్ అన్నమాట. కొన్ని ఖరీదైన మిక్సర్లకు అంతకంటే ఎక్కువ కావాలి. షోరూమ్‌లో బొమ్మలా ఉన్నది ఇంటికొచ్చి సన్నగా కారుతుంది. పెట్టె మీద ఎంత బార్ కావాలో అడగండి.

మూడోది మన సముద్రం. ఉప్పుగాలికి పైపూత పొక్కి రాలుతుంది. ఇత్తడి మీద మంచి క్రోమ్ పూత ఉన్నది నిలుస్తుంది. చేతికి తేలిగ్గా తగిలే చౌక మిశ్రమలోహం త్వరగా పాడవుతుంది. యాసిడ్ పోసి తోమొద్దు, రాత్రి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. బోరు నీళ్ళయితే మూతిలో జల్లెడకు తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని విప్పి కాసేపు నిమ్మరసంలో వేసి కడిగితే ధార మళ్ళీ సాఫీగా వస్తుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, తిప్పే చెయ్యి. మా అత్తగారికి వేళ్ళ కీళ్ళ నొప్పులు. చిన్నతనంలో నూతిలో తోడి, వయసులో బిందెలు మోసిన చేతులవి. గుండ్రటి పిడి బిగిస్తే ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఇంట్లో అందరికీ నచ్చిన బంగారు రంగు గుండ్రటి పిడుల జత వదిలేసి, మోచేత్తో నెట్టినా తెరుచుకునే పొడుగు పిడి మిక్సర్ తెచ్చాం. అద్దం కింద అది అంత దర్జాగా లేదని మా అమ్మాయి అంటోంది. ఆవిడ మాత్రం తెల్లవారుజామున లేచి, ఎవర్నీ పిలవకుండా ముఖం కడుక్కుంటున్నారు.