వాజ్ డైడ్ అనకూడదమ్మా

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిచి, జెరాక్సు షాపుల పక్క సందులోకి తిరిగితే మా కోచింగ్ సెంటర్ మెట్లు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. సాయంత్రం ఆరున్నర బ్యాచ్‌కి 14 మంది నర్సులు ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. కొందరు రాత్రి డ్యూటీ చేసి, పగలు ఇంత కునుకు తీసి వచ్చారు. కొందరు ఇక్కణ్ణుంచి డ్యూటీకే పోతారు. అందరి చూపూ లండన్ మీదో డబ్లిన్ మీదో. మధ్యలో ఓఈటీ అనే ఇంగ్లిషు పరీక్ష అడ్డం.

అందులో రాత పరీక్షంటే ఒక ఉత్తరం. మొత్తం 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్సు చదవడానికే, పెన్ను ముట్టకూడదు. మిగతా 40 నిమిషాల్లో రోగి సంగతంతా ఇంకో డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 మాటల్లో చెప్పాలి. ఆ ఉత్తరం నిండా పాసివ్ వాక్యాలే. చేర్చుకున్నదెవరు, సూది వేసిందెవరు అన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేదు. రోగికి ఏం జరిగిందో తెలిస్తే చాలు.

బోర్డు మీద 'హి వాజ్ అడ్మిటెడ్' అని రాసి తెలుగులో చెప్పమన్నాను.

"అతను చేర్చబడ్డాడు" అంది ముందు వరస.

"మీ ఇంట్లో అలా మాట్లాడతారా?"

నవ్వులు. వెనక నుంచి ఓ గొంతు: "హాస్పిటల్లో చేర్చారు, మేడమ్."

అదీ మన మాట. ఎవరు చేర్చారో చెప్పకుండానే 'చేర్చారు' అనేస్తాం, పని జరిగిపోతుంది. 'బడు' అన్నది ఆఫీసు కాగితాల్లో కనిపించే దూరపు చుట్టం. ఇంట్లో ఆ పనికి వేరేవాళ్ళున్నారు. దెబ్బలు తింటాం. మాట పడతాం. పొలం అమ్ముడుపోతుంది. పోయినేడు ఒకమ్మాయి 'ఐ ఏట్ బీటింగ్స్ ఫ్రమ్ సర్' అని రాసింది. తప్పు దిద్దాను గానీ, ఆ వాక్యం మీద నాకిప్పటికీ మమకారమే.

మే, మస్ట్ లాంటి మోడల్స్ దగ్గర మనకు కొంత సుళువు, కొంత చిక్కు. పేషెంటుకి తల తిరగొచ్చు, పేషెంటు లేచి నడవొచ్చు. ఒకటి అనుమానం, ఒకటి అనుమతి. రెండింటికీ 'వచ్చు' ఒక్కటే. అదృష్టం, ఇంగ్లిషు 'మే' కూడా రెండు పనులూ చేస్తుంది. చిక్కల్లా 'మందు వేసుకోవాలి' దగ్గర. అది షుడ్డా, మస్టా? తెలుగులో ఆ తేడా గొంతులో పలుకుతుంది. కాగితానికి గొంతు లేదు. పెద్ద డాక్టరుకి రాసే ఉత్తరంలో మాటిమాటికీ మస్ట్ అంటే ఆర్డరు వేసినట్టుంటుంది.

టీ వచ్చింది. చిన్న కప్పులు చేతులు మారుతున్నాయి. "ఉత్తరానికి ముందు ఒక జ్ఞాపకం చెప్పండి. ఐదు వాక్యాలు. పాసివ్ ఉండాలి, మోడల్ ఉండాలి."

ఒకామెను ఆరో తరగతిలో హాస్టల్‌కి పంపారట. 'ఐ వాజ్ సెంట్.' బాగుంది. ఇంకొకామెకి అన్నయ్య చదువు కోసం గాజులు అమ్మేశారట. అదీ బాగుంది. తర్వాత ఖమ్మం వైపు నుంచి వచ్చిన అమ్మాయి లేచింది, కప్పు బల్ల మీద పెట్టి.

"మై ఫాదర్ వాజ్ డైడ్."

పదిహేనేళ్ళ అలవాటు. నోరు నాకంటే ముందే కదిలింది. "వాజ్ డైడ్ అనకూడదమ్మా. డైడ్ అంటే చాలు. చనిపోవడం ఇంకొకరు చేసే పని కాదు కదా, అందుకే పాసివ్ రాదు."

ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరూ చేయలేదనే అంటారా, మేడమ్?"

అక్కణ్ణుంచి తెలుగులోనే చెప్పింది. అప్పటికి తను జీఎన్ఎం నర్సింగ్ రెండో ఏడులో ఉంది, హాస్టల్లో. రాత్రి నాన్నకి గుండెల్లో నొప్పొస్తే ఆటోలో తీసుకెళ్ళారు. ఒకసారి ఈసీజీ తీశారు. గ్యాస్ అన్నారు. సూది వేసి ఇంటికి పంపారు. తెల్లారేసరికి ఆయన లేడు. తీశారు, అన్నారు, పంపారు... ఒక్క వాక్యంలోనూ మనిషి లేడు. ఆ ఆసుపత్రి పేరు ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

నాకు తోచింది ఒక్కటే. సుద్దముక్క తీసి రాశాను: 'హి కుడ్ హావ్ బీన్ సేవ్డ్.' మోడలూ పాసివ్వూ ఒకే వాక్యంలో. నాలుగు వారాలుగా విడివిడిగా చెబుతున్నవి.

"బతికేవాడు" అంది మెల్లగా. తెలుగులో ఒక్క మాట.

"మరి షుడ్ హావ్ అంటే?"

"జరగాల్సింది. జరగలేదు."

నోట్‌బుక్కు మీద వంగింది. 'వాజ్' మీద గీత కొట్టింది. కింద ఇంకో వాక్యం రాసి నావైపు తిప్పింది: 'ది ఈసీజీ షుడ్ హావ్ బీన్ రిపీటెడ్.'

కూతురు రాసినట్టు లేదు, నర్సు రాసినట్టుంది. గ్రామరు చూశాను. దిద్దడానికేమీ లేదు. టిక్కు పెట్టడానికి చెయ్యి రాక అలాగే తిరిగిచ్చాను.

ఏడున్నర దాటింది. కేస్ నోట్సు పంచి ఫోన్‌లో టైమర్ నొక్కాను. ఐదు నిమిషాలు ఎవరూ పెన్ను ముట్టరు.