గంజాం సీమలో ఆంగ్లికన్ గుడి, తెలుగు కీర్తన

బరంపురం శివారున ఉన్న అంకులి పరిసరాల క్రైస్తవ చరిత్రను పరిశీలించేవారు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదన్న సంగతిని ముందుగా గమనించాలి. గంజాం పట్టణంలో పాలన సాగించిన ఈస్టిండియా కంపెనీ అధికారులు 1815 నాటి జ్వరాల తాకిడికి ఆ ఊరు విడిచిపోగా, బరంపురం సైనిక స్థావరంగా ప్రాముఖ్యం సంపాదించుకుంది.

ఆంగ్లికన్ సంఘం, అంటే ఇంగ్లండు రాజ్యపు అధికార మతసంఘం, ఈ సీమకు వచ్చింది ప్రధానంగా ఆ అధికారుల, సైనికుల వెంటనే. ఒక గుడి, ఒక గురువు, ఆ గుడి కిందికి వచ్చే పేటలు కలిసినదాన్ని పారిష్ అంటారు. అయితే ఇక్కడి గురువు, అనగా చాప్లిన్, ప్రభుత్వ జీతగాడు కావడంతో, చాప్లిన్ లేని చిన్న ఠాణాలలో అధికారులలో ఒకరే ప్రార్థనా పుస్తకం చదివి ఆదివార ఆరాధన జరిపించడం వాడుకగా ఉండేది. 1835లో మద్రాసుకు ప్రత్యేక బిషప్పు ఏర్పడినా, ఆంగ్లికన్ గుడి తెలుగు నేతగాని వాకిటికి, ఒడియా రైతు వాకిటికి దూరంగానే ఉండిపోయింది.

స్థానికుల మధ్య సంఘం వేళ్లూనినది బాప్టిస్టుల వల్ల. ఇంగ్లండు జనరల్ బాప్టిస్టు మిషనరీలు 1822లో కటకం చేరి, అక్కడినుంచి బరంపురానికి పని విస్తరించగా, 1827లో బరంపురంలో బాప్తిస్మం పొందిన తొలి స్థానికుడు తెలుగువాడు కావడం ఈ ఊరి చరిత్రలో విశేషంగా చెప్పుకోదగినది. కొండ ప్రాంతాలలో మెరియా అనే నరబలి నుంచి ప్రభుత్వం విడిపించిన పిల్లలలో కొందరిని పెంచి చదువు చెప్పించినదీ ఇక్కడి మిషనే.

వీటన్నిటికన్నా చిరకాలం నిలిచినది కీర్తన. బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడితో అనుబంధమున్న పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసేవరకు కర్ణాటక రాగాలలో ఎన్నో కీర్తనలు రచించాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పుస్తకం చదవలేని ముసలమ్మ సైతం పల్లవి అందుకుంటే చాలు, చరణాలు వాటంతటవే వచ్చేవి. బాప్టిస్టు, లూథరన్, ఆంగ్లికన్ తేడా లేకుండా తెలుగు సంఘాలన్నీ ఈ కీర్తనలను పాడుకున్నాయి గనుక, సిద్ధాంతాలు వేరుచేసిన వారిని చౌదరి పాట సంఘాలు కలవకముందే ఒకచోట చేర్చిందనడం అతిశయోక్తి కాదు.

సంఘజీవితమూ అలాగే ఏకరూపంగా సాగింది. ఇల్లాండ్రు వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు వేరే కుండలో వేసి, నిండాక గుడికి ఇచ్చే పిడికెడు బియ్యం పద్ధతి, కోత పండుగనాడు గుడిలో ప్రభు భోజనపు బల్ల ముందు ఉంచిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం వేసి, వచ్చిన సొమ్మును గుడి ఖర్చులకు వాడే ఆచారం తెలుగు సంఘాలన్నిటికీ పరిచితమే. ప్రభుత్వ జీతంతో నడిచిన గుడికీ, పిడికెడు బియ్యంతో నడిచిన గుడికీ తేడా ఇక్కడే ఉంది.

1930లో భారతదేశపు ఆంగ్లికన్ సంఘానికి ఇంగ్లండు సంఘంతో ఉన్న చట్టపరమైన బంధం తెగిపోయింది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో దక్షిణాది ఆంగ్లికన్లు చేరారు గాని బాప్టిస్టులు చేరలేదు. 1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో మాత్రం ఉత్తరాది ఆంగ్లికన్లు, బాప్టిస్టులు ఒకటయ్యారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చునని ఆంగ్లికన్లు, విశ్వాసాన్ని సొంత నోట ఒప్పుకున్న పెద్దలకే ఇవ్వాలని బాప్టిస్టులు పట్టుబట్టగా, రెండు పద్ధతులూ చెల్లుతాయని కొత్త సంఘం అంగీకరించింది. ఆ విధంగా ఒకే భాష మాట్లాడే, ఒకే కీర్తన పాడే క్రైస్తవులు ఆంధ్ర సరిహద్దు ఊరైన ఇచ్ఛాపురానికి ఇటు ఒడిశాలో ఒక సంఘవ్యవస్థలో, అటు ఆంధ్రలో వేరే సంఘవ్యవస్థలలో ఉన్నారు.