గోదావరి మీద మన చేతి పని

గోదావరి చరిత్ర అనగానే బడి పుస్తకంలో కాటన్ దొర, ధవళేశ్వరం ఆనకట్ట వస్తాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్ట గురించి నేనూ పిల్లలకు చెప్తాను. కానీ ఆ నది మీద తెడ్డు వేసిన చేతుల గురించి పాఠంలో ఒక్క మాట ఉండదు. ఆ చేతుల్లో మనవీ ఉన్నాయి.

పాపికొండల నడుమ రోడ్లు లేని కాలంలో కొండరెడ్లకు, కోయలకు నదే బాట. చెట్టు మాను తొలిచి దోనెలు చేసుకున్నారు. కొండ మీద కొట్టిన వెదురును తెప్పలుగా కట్టి రాజమండ్రి వైపు దింపారు. లాభం షావుకార్లది, నీటి మీద ప్రాణం ఒడ్డింది మనవాళ్లు. తెల్లదొరలు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టి పడవలను ఇంకా పైకి నడపాలని చూశారు. ఎంతో డబ్బు పోసి, చివరికి 1871లో ఆ పథకం వదిలేశారు. మన తెప్పలు మాత్రం ఆగలేదు.

ఆ తెప్పల వెనక ఒక చదువు ఉంది. నురుగు ఎటు తిరుగుతోంది, నీటి మీద ముడత ఎక్కడ పడుతోంది అని చూసి అడుగున రాయి ఉందో సుడి ఉందో చెప్పడం. వరదకు నీరు ఎర్రబడితే రేవు దాటకపోవడం. గాలి లేస్తే పని మానుకుని ఒడ్డు చేరడం. ఎండాకాలం పడవను ఒడ్డుకు లాగి బోర్లించి, పగుళ్లు వెతికి, పలకల సందుల్లో నార కూరి తారు పూయడం. ఇవి ఏ కాగితం మీదా లేవు. తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకున్నవి.

ఈ చదువు విలువ ఎంతో రెండు దుర్ఘటనలు చెప్తాయి. 2018 మే 15న ఒక లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగింది. వాన పడుతోందని తలుపులు మూసుకోవడంతో లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. పోయినవాళ్లలో ఎక్కువ మంది మన ఆదివాసీలే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కుల వరద. బోటులో 77 మంది ఉంటే 26 మందే బతికారు. వాళ్లను నీళ్లలోంచి లాగింది ఒడ్డున ఉన్న గూడేలవాళ్లే. అక్కడి సుడి ఎలాంటిదో వాళ్లకు తెలుసు. బోటు బయలుదేరే ముందు వాళ్లను అడిగినవాళ్లు ఎవరు?

ఇప్పుడు పోలవరం కట్టతో నీళ్లు వెనక్కి నిలుస్తున్నాయి. ఊళ్లు లేచిపోతున్నాయి, పాత రేవులు మునుగుతున్నాయి. ఊరు కదిలితే సుడి పేరు, రాయి పేరు కూడా పోతాయి. తోటి ఉపాధ్యాయులారా, పిల్లలను పెద్దవాళ్ల దగ్గరికి పంపండి. మన ఊరి పక్క నదిని పటం గీయించి, రేవులు, మందాలు, రాళ్లు పేర్లతో రాయించండి. అది చరిత్ర పాఠమే.

యువకులకు ఇంకో మాట. పెద్దల విద్య ఒక్కటే చాలదు. 2021లో వచ్చిన లోతట్టు జలమార్గ నౌకల చట్టం ప్రకారం మరబోటుకు తనిఖీ, రిజిస్ట్రేషన్, నడిపేవాడికి అర్హత పత్రం ఉండాలి. బోటులో వంటకో, బరువులు మోయడానికో ఆగిపోకండి, సరంగు పత్రం సంపాదించండి. ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ తొడిగించి, దిగేదాకా తీయనివ్వకండి. లెక్కకు మించి ఎక్కించకండి. ఇంజను, చుక్కాని, అడుగున చేరిన నీరు రోజూ చూడండి. తలుపులు తెరిచే ఉంచండి. వరద రోజున యజమాని ఎంత గట్టిగా చెప్పినా కట్టు విప్పకండి. మన తాతలు షావుకారు మాటకు తలవంచినా, ఎర్రనీటి ముందు మాత్రం ఆగారు.